తేట నీళ్లలో ట్రౌట్‌కి ఫ్లై ఫిషింగ్ సామాను: చేప వైపు నుంచి కొనుక్కురండి

రాయగడ, గుణుపురం, జయపురం, కొరాపుట్, పర్లాకిమిడి. ఏ ఊరి నుంచి అడిగినా ప్రశ్న ఒకటే. "అన్నా, దసరా సెలవులకి కులూ వైపు వెళ్తున్నాం. అక్కడ ట్రౌట్ పట్టాలని ఉంది. ఏ రాడ్ కొనమంటారు?"

రాడ్‌తో మొదలుపెట్టకండి. రాడ్, రీలు కొనేసి మిగిలిన డబ్బులతో లైను, లీడర్ (లైను కొసకి కట్టే సన్న దారం) తెచ్చుకునేవాళ్లు తేట నీళ్ల దగ్గరికి వెళ్లి ఉత్త చేతులతో తిరిగొస్తారు. అక్కడ చేపకి మీ రాడ్ కనపడదు, రీలు అసలే కనపడదు. దాని కంటికి ఆనేది ఈగ (అదే ఫ్లై, కొక్కేనికి ఈకలతో కట్టిన పురుగు బొమ్మ), ఈగకి కట్టిన దారం, ఆ దారం నీటి మీద వాలిన తీరు, ఒడ్డున మీ నీడ. కాబట్టి చేప నోటి దగ్గర మొదలుపెట్టి మీ చేతి వైపు కొనుక్కుంటూ రండి. ఈ గైడ్ కూడా ఆ వరసలోనే ఉంటుంది.

ముందుగా ఒక మాట. మన దగ్గర ట్రౌట్ లేదు. ఇది 10 నుంచి 16 డిగ్రీల నీళ్లలో హాయిగా ఉండే చేప. నీరు 20 డిగ్రీలు దాటితే దానికి ఊపిరాడదు. దేవమాలి కొండ 1,672 మీటర్ల ఎత్తున్నా దాని కింద వాగుల్లో ఏడాది పొడవునా అంత చల్లని నీరు ఉండదు. బ్రౌన్ ట్రౌట్‌ని 1900లో కశ్మీర్‌కి తెచ్చి వదిలారు, తర్వాత కులూ వైపుకీ చేరింది. నీలగిరుల్లో, మూన్నార్ పైన రెయిన్‌బో ట్రౌట్ ఉంది. అంటే మీరు సామాను ఇక్కడ కొని, చేయి ఇక్కడే సాధన చేసి, వాడటం మాత్రం అక్కడ వాడతారు. అక్కడికెళ్లాక ఏదైనా తప్పు బయటపడితే మార్చుకోవడానికి పక్కన కొట్టు ఉండదు.

మన గాలానికీ దీనికీ ఉన్న తేడా కూడా ఇప్పుడే తెలుసుకోండి. టంగుసుకి సీసం గుండు, బెండు కట్టి విసిరితే ఆ గుండు బరువే దారాన్ని లాక్కుపోతుంది. ఫ్లైకి బరువే ఉండదు, నాలుగు ఈకలూ కాస్త దారమూ అంతే. కాబట్టి ఇక్కడ బరువంతా లైనులో ఉంటుంది. లైను వెళ్తూ ఈగని వెంట తీసుకెళ్తుంది. లైను తప్పయితే ఎంత ఖరీదైన రాడ్ ఉన్నా ఈగ మీ కాళ్ల దగ్గరే పడుతుంది.

కావలసినవి

ఈగలు 15 నుంచి 20.
9 అడుగుల టేపర్డ్ లీడర్లు, 4ఎక్స్ (ఎక్స్ అంటే దారం సన్నదనానికి కొలత), కనీసం మూడు.
టిప్పెట్ (ఈగకి కట్టే చివరి దారం) స్పూళ్లు: 4ఎక్స్, 5ఎక్స్, 6ఎక్స్ ఒక్కొక్కటి.
5 నంబరు ఫ్లోటింగ్ లైను, వెయిట్ ఫార్వర్డ్ రకం. పెట్టె మీద డబ్ల్యూఎఫ్5ఎఫ్ అని ఉంటుంది.
9 అడుగుల 5 నంబరు రాడ్, నాలుగు ముక్కలది, గొట్టంతో సహా.
5/6 సైజు రీలు, 20 పౌండ్ల డేక్రాన్ బ్యాకింగ్ (లైను కంటే ముందు రీలుకి చుట్టే దారం).
పోలరైజ్డ్ కళ్లద్దాలు, అంచున్న టోపీ.
నెయిల్ కట్టర్, చిన్న మొన పట్టకారు, రబ్బరు వల ఉన్న చేతిజాలి, చిన్న థర్మామీటర్.
డ్రై ఫ్లై (నీటిమీద తేలే ఈగ) మునగకుండా రాసే ఫ్లోటెంట్, అతి చిన్న సీసం గుండ్లు కొన్ని.

డబ్బు పది భాగాలనుకుంటే నా లెక్క ఇది: రాడ్‌కి నాలుగు, లైనుకి మూడు, లీడర్, టిప్పెట్, ఈగలు కలిపి ఒకటిన్నర, కళ్లద్దాలకి ఒకటి. మిగిలిన అరభాగంలో రీలు రాకపోతే రాడ్ నుంచి కొంచెం తగ్గించండి. లైనులో మాత్రం తగ్గించకండి.

1. ఎక్కడికి, ఎప్పుడు అన్నది తేల్చుకోండి

హిమాచల్‌లో ట్రౌట్ గాలానికి నవంబరు 1 నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా నిషేధం. అవి గుడ్లు పెట్టే రోజులు. జూలై, ఆగస్టుల్లో వానలకి నదులు బురదెత్తుతాయి. మే, జూన్‌లో మంచు కరిగి బియాస్ లాంటి పెద్ద నదులు పాల రంగులో, ఉరవడిగా పారతాయి. మిగిలేవి మార్చి, ఏప్రిల్ నెలలు, మళ్లీ సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు. మన దసరా సెలవులు సరిగ్గా ఇందులోనే పడతాయి. తీర్థన్, సైంజ్, బరోట్ దగ్గరి ఊహల్ నదుల్లో అప్పుడు అడుగున గులకరాళ్లు లెక్కపెట్టుకోవచ్చు. ఈ గైడ్ ఆ నీళ్ల కోసం రాసినదే.

మత్స్యశాఖ లైసెన్సు లేకుండా గాలం వేయకండి. ఏ సైజు దాటితే ఉంచుకోవచ్చు, రోజుకి ఎన్ని అన్నది పర్మిట్ మీదే ఉంటుంది, చదువుకోండి. కొన్నిచోట్ల ఫ్లైకి మాత్రమే అనుమతి, ఎర కట్టకూడదు. మన అలవాటు కొద్దీ వానపాములు డబ్బాలో పెట్టుకుపోతే ఫైన్ కట్టాల్సి వస్తుంది.

2. ఈగలు

ఆన్‌లైన్‌లో వంద ఈగల డబ్బా చవగ్గా కనిపిస్తుంది. కొనకండి. అందులో సగం వేరే ఖండపు పురుగుల బొమ్మలు, మిగతా సగానికి కొక్కెం వంగిపోతుంది. ఐదు రకాలు చాలు:

ఆడమ్స్, 14, 16 నంబర్లు. పైన తేలేది.
ఎల్క్ హెయిర్ కాడిస్, 14. ఇదీ తేలేదే, అలల నీళ్లలో బాగా కనపడుతుంది.
ఫెజెంట్ టెయిల్ నింఫ్, 14, 16, తలకి పూస ఉన్నది. మునిగేది.
హేర్స్ ఇయర్ నింఫ్, 12, 14. మునిగేది.
ఊలీ బగ్గర్, నలుపు లేదా ఆలివ్ రంగు, 8, 10. లోతు మడుగులకి, సరస్సులకి.

కొక్కెం నంబరు పెరిగే కొద్దీ సైజు తగ్గుతుంది. 14 నంబరు ఈగని బొటనవేలి గోరు మీద పెడితే గోరు దాటదు. ట్రౌట్ తినేదాంట్లో ఎక్కువ భాగం నీటి అడుగునే తింటుంది కాబట్టి నింఫ్‌లు ఎక్కువ తీసుకోండి. పైన తేలే ఈగని చేప వచ్చి మింగడం చూడటం ఎంత బాగున్నా సరే.

ఇంటికి రాగానే ఇలా పరీక్షించండి. ఒక్కో ఈగ కొక్కెం కన్నులోకి 5ఎక్స్ టిప్పెట్ దూర్చి చూడండి. చవక ఈగల్లో వార్నిష్ గడ్డకట్టి కన్ను మూసుకుపోయి ఉంటుంది. దాన్ని సూదితో ఇప్పుడే తెరవండి, చలిలో వేళ్లు కొంకర్లు పోతుంటే నది ఒడ్డున ఆ పని కాదు. తేలే ఈగల్ని గిన్నెడు నీళ్లలో వేయండి. రెక్కలు పైకి ఉండి నిలబడితే మంచిది, పక్కకి ఒరిగితే పక్కన పెట్టేయండి. కొక్కెం మొనని గోటి మీద మెల్లగా జరపండి. గీత పడి ఆగాలి, జారిపోతే మొద్దు.

కొక్కేనికి ఉన్న ముల్లుని పట్టకారుతో నొక్కేయండి. నొక్కుకుందో లేదో తెలియాలంటే పాత నూలు తువ్వాలులో గుచ్చి వెనక్కి లాగండి. పోగు పట్టుకోకుండా వస్తే అయినట్టే. సైజుకి రాని చేపని గాయం కాకుండా వదలాలంటే ఇది తప్పనిసరి. మీ చెవికి గుచ్చుకున్నప్పుడు కూడా ఇది మేలు చేస్తుంది. మొదటి సీజన్‌లో చెవికో మెడకో ఒక్కసారైనా గుచ్చుకుంటుంది.

ఈగలు సొంతంగా కట్టుకోవాలనుకునేవాళ్లకి ఒక మాట: మన నాటుకోడి పుంజు మెడ ఈకలే దీనికి అసలు సరుకు. ఇండియన్ నెక్ అనే పేరుతో విదేశాల్లో అమ్మేవి అవే. అది వేరే విద్య, ఇక్కడ దానిలోకి పోను.

3. టిప్పెట్, లీడర్

డబ్బు ఆదా చేయకూడని చోటు ఇదే, జనం ఎక్కువగా తప్పుచేసేదీ ఇక్కడే. టిప్పెట్ అంటే ఈగకి కట్టే చివరి సన్న దారం. దాని వెనక, లైను వైపు లావుగా మొదలై కొసకి సన్నబడే దారం లీడర్.

ఎక్స్ అంకె పెరిగితే దారం సన్నం. 4ఎక్స్ 0.18 మిల్లీమీటర్లు, 5ఎక్స్ 0.15, 6ఎక్స్ దాదాపు 0.13. మన బజార్లలో మామూలుగా దొరికే టంగుసు వీటికంటే లావు. "బలంగా ఉండాలి కదా" అని 0.25 కట్టుకెళ్లేవాళ్లే ఎక్కువమంది. బురద నీటిలో జెల్లకి అది సరే. అద్దంలాంటి మడుగులో అంత దారం కడితే ట్రౌట్ ఈగ దాకా వచ్చి, ఒక్క క్షణం ఆగి, వెనక్కి తిరిగిపోతుంది. ఆ వెనక్కి తిరగడం మీ కళ్లకే కనపడుతుంది, అదే బాధ.

ఏ ఈగకి ఏది అన్నదానికి సులువైన లెక్క: ఈగ నంబరుని మూడుతో భాగించండి. 12కి 4ఎక్స్, 14, 16కి 5ఎక్స్. నీరు మరీ తేటగా, కదలకుండా ఉంటే ఒక మెట్టు సన్నానికి దిగండి. అంతకంటే సన్నం మొదట్లో వద్దు. ముడి సరిగా పడదు, చేప ఎక్కువసేపు పెనుగులాడి అలసిపోతుంది.

పొడవు: 9 అడుగుల 4ఎక్స్ లీడర్‌కి రెండు నుంచి మూడు అడుగుల 5ఎక్స్ టిప్పెట్ కలపండి. నీరు నిలిచిన మడుగుకి మొత్తం 12 అడుగులు దాటినా తప్పులేదు. లైను వాలిన చోటు చేపకి ఎంత దూరమైతే అంత మంచిది. పారే అలల్లో 9 అడుగులు చాలు.

నైలానా, ఫ్లోరోకార్బనా? తేలే ఈగకి నైలాన్, మునిగే నింఫ్‌కి ఫ్లోరోకార్బన్. ఫ్లోరోకార్బన్ నీటికంటే బాగా బరువు, మునుగుతుంది, తేలే ఈగని కూడా కిందికి లాగుతుంది. ఒక్కటే కొనగలిగితే నైలాన్ కొనండి. అసలు ఫ్లై టిప్పెట్ దొరక్కపోతే మామూలు సన్న నైలాన్ స్పూలు మీద మందం మిల్లీమీటర్లలో చూసి 0.15, 0.18 తెచ్చుకున్నా పని జరుగుతుంది. పౌండ్లు చూసి కొనకండి, మందం చూసి కొనండి.

నైలాన్ ఎండకి పాడవుతుంది. కొట్టు అద్దాల అలమరలో ఏళ్ల తరబడి వేలాడిన స్పూలు వద్దు. ఒక అడుగు తెంపి రెండు చేతులకి చుట్టుకుని లాగితే కొద్దిగా సాగి తెగాలి. పుటుక్కున తెగితే అది పాత సరుకు.

4. లైను

లైను నంబరు అంటే దాని ముందు 30 అడుగుల బరువు. 5 నంబరుకి 140 గ్రెయిన్లు, అంటే 9 గ్రాముల పైచిలుకు. 4 నంబరుకి 120, 6 నంబరుకి 160.

పేరులేని చవక లైన్లలో పెట్టె మీద 5 అని ఉండి లోపల ఇంకేదో ఉండటం మామూలే. ఇంట్లో దీన్ని పట్టుకునే ఉపాయం ఉంది. లైను ముందు కొస నుంచి 30 అడుగులు, అంటే 9 మీటర్ల 15 సెంటీమీటర్లు టేపుతో కొలిచి, ఆ చోట దారం ముక్క కట్టి, అంతవరకు చిన్న ప్లాస్టిక్ గిన్నెలో చుట్టండి. తెలిసిన బంగారం కొట్టుకి తీసుకెళ్లి కాటా మీద పెట్టమనండి. గిన్నె బరువు ముందే తీసేయమనండి, మిగతా లైను కాటాకి తగలకుండా చేత్తో పైకి పట్టుకోండి. తొమ్మిదీ పదీ మధ్య వస్తే నిశ్చింత. పదిన్నర వస్తే అది 6 నంబరు, ఎనిమిది లోపు వస్తే 4. ఆరో పన్నెండో వస్తే వెనక్కి పంపేయండి. కొట్టాయన నవ్వుతాడు, నవ్వనివ్వండి.

రంగు లేత ఆకుపచ్చ, బూడిద, గోధుమ ఏదైనా సరే. మెరిసే నారింజ రంగు సాధనకి బాగుంటుంది గానీ తేట నీళ్లపైన గాలిలో తళుక్కుమంటుంది. ఒక్కటే లైను కొనేటప్పుడు మెరవని రంగే తీసుకోండి.

జాగ్రత్త: డీట్ ఉన్న దోమల మందు లైను పూతని కరిగించేస్తుంది. మలేరియా భయంతో మనం అలవాటుగా పులుముకునే మందులో అది ఉందేమో చూసుకోండి. రాసుకున్నాక అరచేతులు సబ్బుతో కడుక్కుని లైను ముట్టుకోండి. ఎండలో ఆపిన కారు వెనక అద్దం కింద కూడా రీలు వదలకండి.

5. రాడ్

9 అడుగులు, 5 నంబరు, నాలుగు ముక్కలు, మీడియం ఫాస్ట్ యాక్షన్. ఒక్కటే కొనేవాళ్లకి నా సలహా ఇదే, దీన్ని మార్చను. మరీ బిర్రుగా ఉండే ఫాస్ట్ రాడ్ దూరం విసరడానికి బాగుంటుంది గానీ చేప గుంజగానే సన్న టిప్పెట్‌ని తెంపుతుంది. కొంచెం వంగే రాడ్ ఆ కుదుపుని తనలోకి తీసుకుంటుంది.

రాడ్ మీద రాసిన నంబరు, లైను నంబరు ఒకటే ఉండాలి. సెట్‌గా అమ్మేవాటిలో 7/8 నంబరు రాడ్ చవగ్గా వస్తుంది. అది పెద్ద చేపలది. దానితో ట్రౌట్‌కి వేస్తే లైను నీటిమీద చప్పుడుతో పడి మడుగంతా ఖాళీ అవుతుంది. మన దగ్గర దొరికే టెలిస్కోప్ రాడ్‌కి ఫ్లై లైను ఎక్కించే ప్రయత్నం కూడా వద్దు, ఆ రింగులు దీనికి పనికిరావు.

నాలుగు ముక్కలదైతే ఒక్కో ముక్క 70 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. రాయగడలో సమత ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఢిల్లీ దాకా పై బెర్త్‌లో తల దగ్గర పెట్టుకోవచ్చు. రెండు ముక్కలది కొంటే అదే మీ ప్రయాణంలో మూడో మనిషి.

పార్సిల్ రాగానే ముక్కలు బిగించి, రింగులన్నీ ఒకే గీతలో ఉన్నాయా అని తుపాకీ గురి చూసినట్టు ఒక కన్ను మూసి చూడండి. మెల్లగా ఊపితే కీళ్ల దగ్గర టకటకమనకూడదు. ప్రతి రింగులోపలా దూది తిప్పండి. పోగులు తగులుకుంటే అక్కడ పగులు ఉన్నట్టు, లైనుని కోసేస్తుంది.

ఇంకో దారి ఉంది, మన జనానికి బాగా నచ్చుతుంది. జపాన్ పద్ధతి టెంకారా రాడ్. రీలు లేదు, రింగులు లేవు, మూడున్నర మీటర్ల సన్న కర్ర, కొసకి అంతే పొడవు దారం, చివర ఈగ. నాగావళిలో వెదురు గాలంతో పరిగెలు పట్టిన చేతికి ఒక్క పూటలో అలవాటవుతుంది. చిన్న కొండవాగులకి చాలు. పెద్ద నదికి, సరస్సుకి చాలదు, పెద్ద చేప తగిలి పరిగెత్తితే వదలడానికి దారం ఉండదు. నలుగురు కలిసి వెళ్తూ అందులో ఒకరికే దీని మీద పిచ్చి ఉంటే, మిగతావాళ్లకి టెంకారా కొనివ్వడం చవక.

6. రీలు, బ్యాకింగ్

రీలు ఇక్కడ దారం చుట్టుకునే డబ్బా. 5/6 సైజు, అల్యూమినియం, బ్రేకు మెత్తగా తిరిగేది చాలు. ఏ చేత్తో తిప్పుతారో ముందే తేల్చుకోండి. చాలా రీళ్లు రెండు వైపులకీ మార్చుకునేలా వస్తాయి, లైను చుట్టకముందే మార్చాలి. బ్యాకింగ్ కనీసం 50 గజాలు. మొత్తం చుట్టాక అంచుకి మూడు నాలుగు మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి.

7. కళ్లద్దాలు, బట్టలు, బూట్లు

పోలరైజ్డ్ అద్దాలు లేకుండా తేట నీళ్లకి వెళ్లడం దండగ. నీటిపై మెరుపు పోతేనే అడుగున చేప కనపడుతుంది. గోధుమ లేదా రాగి రంగు అద్దం తీసుకోండి, కొండనీడల్లో నలుపు మరీ చీకటి. నిజమైనదా కాదా తెలియాలంటే అద్దం వెనక నుంచి ఫోన్ తెర చూస్తూ ఫోన్‌ని గుండ్రంగా తిప్పండి. చాలా ఫోన్లలో ఏదో ఒక కోణంలో తెర నల్లబడుతుంది. ఎటు తిప్పినా మారకపోతే ఇంకో ఫోన్‌తో కూడా చూడండి, అప్పుడూ మారకపోతే అది మామూలు చలువ అద్దం కావచ్చు.

తెల్ల చొక్కా, మెరిసే వాచీ వద్దు. ఆకుపచ్చ, మట్టి రంగులే.

నీళ్లలో దిగడానికి వేసుకునే వేడర్లు (నీరు పట్టని పొడవాటి తొడుగులు) మొదటిసారికి కొనకండి. తేట నీళ్లలో దిగినవాడు తానే చేపల్ని తరుముకుంటాడు, ఒడ్డున ఒంగి నడిచేవాడికే ఎక్కువ పడతాయి. ఆ డబ్బుతో పట్టు ఉన్న రబ్బరు అడుగు బూట్లు తీసుకోండి. అద్దెకి తెచ్చుకుని దిగాల్సివస్తే నడుముకి బెల్టు బిగించుకోండి, కర్ర పట్టుకోండి, మోకాలు దాటి వెళ్లకండి.

2014 జూన్ 8న బియాస్‌లో లార్జీ డ్యాం నుంచి నీళ్లు వదిలినప్పుడు హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. అంతకుముందు దాకా ప్రశాంతంగా ఉన్న నది అది. డ్యాం కింద గాలం వేయకండి. సైరన్ వినపడ్డా, నీటి రంగు మారినా, మీరు గుర్తు పెట్టుకున్న రాయి మునిగినా సామాను వదిలేసి పైకి ఎక్కేయండి.

8. అన్నీ కలిపి కట్టడం

రీలు నుంచి ఈగ వరకు వరస ఇది. రీలు కుదురుకి బ్యాకింగ్, ఆర్బర్ ముడి. బ్యాకింగ్‌కి లైను వెనక కొస. వెయిట్ ఫార్వర్డ్ లైనులో బరువంతా ముందు ఉంటుంది కాబట్టి కొసలు తారుమారైతే మొత్తం పాడే. "ఈ వైపు రీలుకి" అన్న అర్థంతో చిన్న కాగితం ఒక కొసకి అంటించి ఉంటుంది, దాన్ని చింపేముందు చూసుకోండి. లైను ముందు కొసకి ఉచ్చు ఉంటే లీడర్ ఉచ్చుని దానిలోంచి దూర్చి, లీడర్ రెండో కొసని లీడర్ ఉచ్చులోంచి తీసి బిగిస్తే సరి, లేకపోతే నెయిల్ నాట్ వేయాలి. లీడర్‌కి టిప్పెట్ సర్జన్స్ నాట్: రెండు దారాలనీ ఒక జానెడు పక్కపక్కన పెట్టి, ఉచ్చు చేసి, టిప్పెట్‌నీ లీడర్ కొసనీ కలిపి రెండుసార్లు దూర్చి, నాలుగు పోగులూ ఒకేసారి లాగాలి. ఈగకి క్లించ్ నాట్: కన్నులోంచి దూర్చి, ఐదు చుట్లు తిప్పి, కొసని కన్ను పక్కన ఏర్పడ్డ చిన్న ఉచ్చులోంచి తీసి, మళ్లీ పెద్ద ఉచ్చులోంచి తీయాలి.

ఏ ముడైనా బిగించేముందు ఉమ్ముతో తడపండి. పొడిగా లాగితే రాపిడి వేడికి నైలాన్ దెబ్బతింటుంది, ముడి దగ్గర తోక మెలిపెట్టినట్టు ముడతలు పడతాయి. అలా పడితే తెంపి మళ్లీ కట్టండి.

పరీక్ష: 5ఎక్స్ టిప్పెట్‌కి ముల్లు నొక్కిన ఈగ కట్టి, ఆ కొక్కేనికి కిలో పంచదార ప్యాకెట్ వేలాడేసి మెల్లగా పైకి లేపండి. దారం దాదాపు రెండు కిలోలు ఆగేది, కాబట్టి కిలో తేలికగా లేవాలి. ముడి దగ్గర తెగితే ముడి తప్పు, మధ్యలో తెగితే దారం పాతది. ఇలా వరసగా ఐదు ముడులు నిలిచేదాకా టికెట్ బుక్ చేయకండి అంటాను, మీరు ఎలాగూ చేసేస్తారు.

9. ఇంటి దగ్గర సాధన

గడ్డి ఉన్న మైదానం చూసుకోండి. సిమెంటు, కంకర మీద లైను పూత గీరుకుపోతుంది. ఈగ బదులు ఎర్ర ఊలు ముక్క కట్టండి. తలపైన కరెంటు తీగలు లేవని రెండుసార్లు చూసుకోండి. రాడ్ కార్బన్‌ది, కరెంటు ప్రవహిస్తుంది. ఉరుము వినపడితే రాడ్ కింద పెట్టి వచ్చేయండి.

తొమ్మిది మీటర్ల దూరాన స్టీలు కంచం పెట్టండి. పదిసార్లు వేస్తే నాలుగుసార్లు ఊలు ముక్క కంచంలోనో, పక్కన జానెడు లోపో పడాలి. చప్పుడు కాకూడదు. తేట నీళ్లలో ఇంతకంటే ఎక్కువ దూరం అవసరం చాలా తక్కువ. ఇరవై మీటర్లు విసరడం వీడియోలో బాగుంటుంది.

వానలు తగ్గి నాగావళి, వంశధార తేరుకున్నాక అసలు నీటిమీద చేయండి. 16 నంబరు నింఫ్‌కి పరిగెలు వస్తాయి, గాలం పడ్డాక దారం ఎలా బిగుస్తుందో చేతికి తెలుస్తుంది. కొలాబ్ జలాశయం లాంటి చోట్ల చేపల హక్కు జాలరుల సంఘాలది అయి ఉంటుంది, రేవులో అడిగి వేయండి.

10. సరస్సు అయితే

పై సామానే, మూడు మార్పులు. గాలి ఎక్కువ కాబట్టి 6 నంబరు రాడ్, 6 నంబరు లైను ఉంటే సుఖం, 5 ఉన్నా నడుస్తుంది. ఊలీ బగ్గర్‌కి 3ఎక్స్, 4ఎక్స్ కట్టండి, చేప వేగంగా వచ్చి గుంజుతుంది. లోతుకి మెల్లగా మునిగే ఇంటర్మీడియట్ లైను కొనే స్తోమత ఉంటే రీలుకి అదనపు స్పూలు తీసుకుని అందులో చుట్టుకోండి.

నది దగ్గర ఏదో తేడా ఉందనిపిస్తే

చేప వచ్చి చూసి వెనక్కి పోతుంది: టిప్పెట్ ఒక మెట్టు సన్నం చేయండి, తర్వాత ఈగ సైజు తగ్గించండి. రకం మార్చడం ఆఖరున.

తేలే ఈగ పక్కన నీటిమీద గీత పడుతోంది: ప్రవాహం లైనుని లాగుతోంది. దగ్గరికి వెళ్లి తక్కువ లైను వేయండి.

మీరు వెళ్లగానే చేపలు చెల్లాచెదురు: సూర్యుడు మీ వెనక ఉన్నాడు, నీడ నీటిమీద పడుతోంది. ఒంగి, దిగువ నుంచి పైకి నడవండి. ట్రౌట్ ప్రవాహానికి ఎదురుగా తల పెట్టి నిలబడుతుంది కాబట్టి వెనక నుంచి వస్తే అంత తొందరగా కనిపెట్టదు.

నింఫ్‌కి ఏమీ తగలడంలేదు: అడుగుకి చేరడంలేదు. ఈగకి జానెడు పైన ఒక చిన్న గుండు నొక్కండి. అప్పుడప్పుడూ రాయి తగులుతుంటే లోతు సరిపోయినట్టు.

లీడర్‌లో తనంతట తనే ముడి పడింది: విప్పాలని చూడకండి, తెంపి కొత్త టిప్పెట్ కట్టండి. ఆ ముడి దగ్గర దారం సగం బలం పోగొట్టుకుని ఉంటుంది.

థర్మామీటర్ 20 చూపిస్తోంది: ఆ పూటకి ఆపేయండి, వదిలిన చేప కూడా బతకడం కష్టం. తెల్లారి చల్లబడ్డాక రండి.

చేప పడ్డాక చేతులు తడుపుకుని ముట్టుకోండి, పొడి చేతికి దాని ఒంటిమీది జిగురు ఊడిపోతుంది. సాయంత్రం గదికి రాగానే లైను ముందు సగాన్ని తడి గుడ్డతో తుడిచి, రీలు నుంచి వదులుగా తీసి ఆరబెట్టండి. ఈగల డబ్బా మూత రాత్రంతా తెరిచి ఉంచండి, తడితో మూస్తే తెల్లారేసరికి కొక్కేలు తుప్పుపడతాయి. బూట్ల అడుగున మట్టి కడిగి పూర్తిగా ఎండాకే ఇంకో నదికి వెళ్లండి, ఒక నీటి తెగులు ఇంకో నీటికి అంటేది ఆ మట్టితోనే.